లోపలికి చూసే చిలుక

పోయినవారం ఆండాళును పరాయివాళ్ల ట్రంకుపెట్టె ముందు గొంతుక్కూర్చోబెట్టి మన పనుల మీద మనం వెళ్లిపోయాం. పాపం, ఆమె వారం నుంచీ ఆ పెట్టె మూత చేత్తో పట్టుకుని అలాగే ఉంది. ఆమె చేత ఆ మూత దింపించే ముందు, దేశం కాని దేశంలో ఆ ఇల్లాలికి ఇంకొకరి పెట్టెతో ఏం పని పడిందో ఒకసారి గుర్తు చేసుకుందాం.

చిట్యాల దగ్గరి మగ్గాల పల్లె ఆండాళుది. భర్త సీతారాములుతో, పదకొండేళ్ల పర్వతాలుతో, అయిదేళ్ల ఈదమ్మతో రైలెక్కి, ధనుష్కోటిలో ఓడెక్కి, కొలంబో చేరింది. సీతారాములు చిన్ననాటి స్నేహితుడు ధర్మయ్య అక్కడ బట్టల దుకాణం పెట్టుకుని బాగుపడ్డాడు. 'పిల్లలను తోలుకొని రా, సముద్రం చూపిస్త' అని టిక్కెట్లు పంపింది అతనే. ఆండాళు ఎంత సంబరంగా బయలుదేరిందో, వాడకట్టులో ఎంతమందికి పనిగట్టుకుని చెప్పి వచ్చిందో ఇదివరకే చదివాం. ఆ సంబరం ధర్మయ్య ఇంటి మెట్ల దాకానే నిలిచింది. మెట్ల మీద ధర్మయ్య భార్య లీలమ్మ నిలబడి ఉంది. ఆమె బండి దిగిన సామాను చూడలేదు, ఆండాళును చూడలేదు. పర్వతాలును చూసింది. అప్పటినుంచి ఆండాళుకు తిన్నది ఒంటబట్టడం లేదు.

పర్వతాలును ఆండాళు కనలేదన్న సంగతి మనకు తెలుసు, వాడికి తెలియదు. సీతారాములు అన్న సోమన్న, అతని భార్య కొత్తకోట దిక్కున ఏదో ఊళ్లో గత్తర వచ్చి ఒకరి వెనుక ఒకరు పోయారని, అత్త వెంకటనర్సమ్మ పసివాణ్ణి సంకనేసుకుని, ఉన్న ఒక్క కొడుకును వెంటబెట్టుకుని, పుట్టింటి దిక్కయిన చిట్యాలకు వచ్చేసిందని ఆండాళుకు చెప్పారు. కాపురానికి వచ్చిన నాడు అత్త ఆమె ఒడిలో మొదట పెట్టింది ఈ పిల్లవాడినే. పెట్టి, "ఇగ వీడు నీ బిడ్డ" అన్నది. ఆండాళు ఆ మాటను అక్షరాలా నమ్మింది. ఈదమ్మ పుట్టినప్పుడు కూడా, 'తొలిచూలా?' అని మంత్రసాని అడిగితే 'కాదు, రెండో కాన్పు' అని చెప్పిన మనిషి ఆమె.

ఇక కొలంబో సంగతి. అసూయ పడటానికి పాస్‌పోర్టు అక్కర్లేదు గాని, ఆండాళు దాన్ని ఊరి నుంచే మూట కట్టుకుని వచ్చిందని మాత్రం అనుకోకండి. అంత చెడ్డది కాదు. ఆ ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. మీట నొక్కితే పంకా తిరుగుతుంది. లీలమ్మ చేతుల నిండా బంగారు గాజులున్నాయి. అవన్నీ ఆండాళు ఒక్క పూటలో చూసింది, మరో పూటలో ఓర్చుకుంది. ఉన్నవాళ్లకు ఉంటాయి, మనకేమిటి అనుకుంది. ఆమె ఓర్చుకోలేనిది పర్వతాలు ఆ ఇంట్లో నవ్వే నవ్వు.

ఊళ్లో కంచంలో వంకాయ కనబడితే లేచిపోయే పిల్లవాడు ఇక్కడ కొబ్బరిపాలు పోసి వండిన చేపలను అడిగి వేయించుకున్నాడు. లీలమ్మ ముద్దలు కలిపి అందిస్తే, పదకొండేళ్లవాడు, సిగ్గూ ఎగ్గూ లేకుండా నోరు తెరిచాడు. లీలమ్మ కొబ్బరినూనె రాసి తల దువ్వితే, ఆండాళు వాణ్ణి పెరట్లోకి లాక్కుపోయి తలంటి, ఊరినుంచి తెచ్చిన నువ్వులనూనె పెట్టి మళ్లీ పాపిడి తీసింది.

"గిదేందే అమ్మా? పొద్దుగాలనే పెద్దమ్మ దువ్వింది గద!" అన్నాడు వాడు.

"ఆ నూనె నీకు పడది. జలుబు చేస్తది."

వాడికి బుద్ధెరిగాక జలుబు చేసింది లేదు. ఆ సంగతి వాడికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

సీతారాములు ఇదంతా చూసి చూడనట్టు తిరిగాడు. ఒకసారి మాత్రం విసుక్కున్నాడు.

"నీకేమైందే? పిల్లగానికి జర ముద్ద పెడితే నీ సొమ్మేం పోయింది?"

"పెట్టనీ. నేను వద్దంటినా? కన్నతల్లి పెట్టినట్టు పెడుతాంది. గదే నాకు సమజైతలేదు."

ఆ మాటకు సీతారాములు ఏదో ఒకటి అనాలి. ఎదురు తిట్టినా బాగుండేది. అతను బీడీ ముట్టించుకుని వీధిలోకి పోయాడు. ఆండాళుకు అనుమానం మొలకెత్తింది అప్పుడే.

ఆ తరువాత గుండీ సంగతి. పర్వతాలు చొక్కాకు గుండీ ఊడింది. ఆండాళు చూసేలోపే లీలమ్మ సూది తెచ్చుకుని కూర్చుంది. దారం ఎక్కిస్తూ నాలుక కొసను ఎడమ పెదవి మూలకు తెచ్చి పట్టుకుంది. పలక మీద లెక్క చేసేటప్పుడు పర్వతాలు పట్టేది అచ్చం అలాగే. ఊళ్లో ఆండాళు వాణ్ణి ఎన్నిసార్లు వెక్కిరించిందో! ఆ నాలుకను ఇప్పుడు ఇంకొకరి ముఖంలో చూసింది.

ఈ రోజు మధ్యాహ్నం మగవాళ్లిద్దరూ పిల్లలను తీసుకుని ఓడరేవు చూపించడానికని వెళ్లారు. ఎల్లుండి తిరుగు ప్రయాణం. లీలమ్మ డాబా మీద బట్టలు తీస్తోంది. ఆండాళు సామాను సర్దుకుంటూ గుండీ కుట్టిన చొక్కా కోసం వెతికింది. కనబడలేదు. మా పిల్లవాడి చొక్కా ఆమె ఎక్కడ దాచిపెట్టిందో అనుకుంటూ వెనుక గదిలోకి వెళ్లి, తాళం లేని ట్రంకుపెట్టె మూత ఎత్తింది. మనం ఆమెను వదిలేసింది ఇక్కడే.

ముందు వాసన వచ్చింది. ఆముదమూ, ఆముదపు కాయలు కాల్చిన బూడిదా కలిసిన వాసన. నూలును వాటిలో నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్లీ నానబెడితేనే వాళ్లింట నేసే తేలియా రుమాలుకు ఆ ఎరుపు పట్టేది. ఎన్నిసార్లు ఉతికినా బట్టను విడిచిపోని వాసన అది. సముద్రం దాటి వచ్చిన చోట సొంత ఇంటి వాసన తగిలితే ఎవరికైనా కళ్లు చెమ్మగిల్లాలి. ఆండాళుకు ఒళ్లు మండింది.

చీరల అడుగునుంచి లాగింది. ఎరుపూ నలుపూ రుమాలు. పాతది, మడతల దగ్గర నలిగి పలచబడింది. విప్పి మూలకు చూసింది. మూలలో ఒక చిలుక ఉంది. అది లోపలికి చూస్తోంది.

ఇది ఏదో ఒక చిలుక కాదు. నూలును మేకుల చట్రమైన ఆసు మీద పోసి, రంగు అంటకూడని చోట దారంతో చిటికి ముడులు కట్టి, అద్దకం అయ్యాక ఆ ముడులు విప్పితే బొమ్మ తేలుతుంది. ఆ పని ఆడవాళ్లది. వెంకటనర్సమ్మ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. కొత్తకోడలు మొట్టమొదట ముడులు కట్టిన రుమాలు అమ్మకానికి పోకూడదు. దాని మూలలో చిలుకను కట్టాలి. అందరి ఇళ్ల చిలుకలూ అంచు దిక్కు, బయటికి చూస్తాయి. ఈ ఇంటి చిలుక లోపలికి చూస్తుంది. వచ్చిన కోడలు ఇంట్లోకి చూడాలి గాని వాకిట్లోకి కాదని పెద్దల ఉద్దేశం. ఆ ముడుల వరస అత్త కోడలికి చెబుతుంది. కూతుళ్లకు చెప్పరు, వేరే ఇంటికి పోయేవాళ్లు కదా. మగవాళ్లకు మగ్గం తెలుసు గాని ముడుల వరస తెలియదు. ఆ రుమాలులో కోడలి తొలిచూలు బిడ్డను చుట్టి వాకిట్లో సూర్యుడికి చూపిస్తారు. ఆండాళు రుమాలులో ఈదమ్మను చుట్టారు. అది ఇప్పుడు చిట్యాలలో, ఇంటి దూలానికి కట్టిన మూటలో భద్రంగా ఉంది.

మరి ఇది ఎవరిది? అత్తదే అయి ఉండాలి, అత్త కూడా ఒకప్పుడు కొత్తకోడలే కదా! అత్త పోయాక ఆమె పెట్టె సర్దింది సీతారాములే. కన్నతల్లి రుమాలు తెచ్చి ఈ మహాతల్లి చేతిలో పెట్టాడన్నమాట! ఎప్పుడు పెట్టాడు, ఎందుకు పెట్టాడు? ఆండాళుకు ప్రశ్నలు వచ్చినంత వేగంగా జవాబులు కూడా వచ్చాయి. అసూయలో ఉన్న మనిషికి జవాబులకు కొదవ ఉండదు.

"చొక్కా ఆ పెట్టెల లేదు చెల్లె. దండెం మీదున్నది," అన్న మాట వినిపించింది.

గుమ్మంలో లీలమ్మ. చేతుల మీద ఆరిన బట్టలున్నాయి. తన పెట్టె తెరిచారన్న కోపం ఆమె ముఖంలో లేదు. రుమాలును చూసి మాత్రం రంగు మారింది.

దొరికిపోయిన మనిషి తల దించుకోవాలి. ఆండాళు లేచి నిలబడింది.

"గిది మా అత్త రుమాలు. నీకెవలిచ్చిన్రు?"

"మీ అత్తది కాదు చెల్లె. దాన్ని ఆడ పెట్టు."

"నాకు చెప్తవా? గీ చిలుక మా ఇంట్ల దప్ప దునియల యాడ లేదు."

"నాకెరుకే."

"నీకెట్ల ఎరుక?"

లీలమ్మ బట్టలను మంచం మీద పెట్టి ఒక్కొక్కటే మడతపెట్టసాగింది. అందులో పర్వతాలు చొక్కా కూడా ఉంది. దాన్ని అందరి బట్టలకంటే మెల్లగా మడిచింది. అది చూసి ఆండాళుకు ఉన్న కాస్త నిబ్బరం పోయింది.

"నా మొగడిచ్చిండు గదా? చెప్పు. ఇన్నొద్దులు నేను అక్కా అక్కా అనుకుంట నీ ఎంట తిరిగిన. పొయ్యికాడ నీకు ఉల్లిగడ్డలు కోసిచ్చిన. నువ్వేమో నా ఇంటి గుర్తు పెట్టెల పెట్టుకొని కూసున్నవ్!"

"మెల్లగ మాట్లాడు. కింద దుకాణంల మనుషులున్నరు."

"ఉండనీ. అందరు వినాలె. ధర్మన్న సుత వినాలె. నేను గుడ్డిదాన్ని గాదు. నువ్వు సూదిల దారమెక్కిచ్చేటప్పుడు నాలుక పెట్టుడు సూసిన. నవ్వితే నీ చెంప ఏడ గుంట పడతదో సూసిన. గా పోరడు ఎవలికి పుట్టిండు? నా మొగనికి, నీకు పుట్టిండా?"

"నోర్ముయ్!"

ఇన్ని రోజుల్లో లీలమ్మ గొంతు పెంచడం ఆండాళు వినడం ఇదే మొదలు. కింద దుకాణంలో మాటలు ఆగిపోయాయి. లీలమ్మ తలుపు దగ్గరకు వేసి వచ్చి, ఆండాళు చేతిలోని రుమాలును తీసుకుని మంచం మీద పరిచింది. చిలుక ముక్కు దగ్గర వేలు పెట్టింది.

"గిది సూసినవా? రంగు కారింది. ముక్కుకాడ ముడి వదులైంది నాకు. అప్పటికి నా చేతికి ఇంక అలవాటు కాలే. విప్పంగనే మీ అత్త నెత్తిమీద మొట్టింది. 'సోమన్న పెండ్లాం చేతిల ముడి నిలుస్తలేదు' అని వాడకట్టంత చెప్పుకొచ్చింది."

ఆండాళు చూసింది. చిలుక ముక్కు చివర ఎరుపు తెలుపులోకి పాకి ఉంది. అత్తకు అలాంటి తప్పు ఎన్నడూ జరగదు. ఆమె ముడి కత్తితో కోస్తే తప్ప వచ్చేది కాదు.

"సోమన్న పెండ్లాం గత్తరొచ్చి సచ్చిపోయింది," అన్నది ఆండాళు. తన గొంతు తనకే చిన్నగా వినిపించింది.

"సచ్చిందని చెప్పిన్రా?" లీలమ్మ మంచం పట్టెమీద కూర్చుంది. "గట్లనే చెప్తమన్నరు. మాట నిలబెట్టుకున్నరు."

ఆ తరువాత ఆమె చెప్పింది పెద్ద కథేమీ కాదు. పెనిమిటిని గత్తర తీసుకుపోయేనాటికి పిల్లవాడు ఇంకా నేలమీద పాకుతున్నాడు. పక్కింటి ధర్మయ్య, సోమన్న పాడె మోసినవాడు, ఏడాది తిరిగాక వచ్చి లీలమ్మను పెళ్లి చేసుకుంటానని వెంకటనర్సమ్మనే అడిగాడు. కులపెద్దలు కూర్చున్నారు. మారుమనువు తప్పు అనలేదు. కాని మారుమనువు పోయే ఆడది ఆ ఇంటి బిడ్డను వెంట తీసుకుపోకూడదు. బిడ్డ తండ్రి ఇంటిది. తల్లి మళ్లీ ఆ వాకిలి తొక్కకూడదు, బిడ్డకు ఫలానా అని చెప్పుకోకూడదు. ధర్మయ్య ఆ ఊళ్లోనే ఉండటం కూడా కుదరదన్నారు. ఇద్దరూ మద్రాసు పోయి, అక్కడినుంచి ఓడెక్కారు.

"ఒప్పుకున్నవా?" అని అడిగింది ఆండాళు.

"పందొమ్మిదేండ్ల పిల్లను. ఒప్పుకోకుంటే మొగడు లేని ముండగ గా కొట్టంల పడుండాలె. ఒప్పుకుంటే బిడ్డ పోతడు. ఏది మంచిగుండె, చెప్పు? నువ్వైతే ఏం చేద్దువు?" లీలమ్మ రుమాలు మూలను వేళ్ల మధ్య నలుపుతోంది. "వాన్ని చుట్టిన రుమాలు ఇదొక్కటి పొట్టకు కట్టుకొని వచ్చిన. మీ అత్త సూసింది. సూసి సుత అడుగలే. తర్వాత ఈడ నాకు కడుపు పండలే."

ఇక్కడ ఆండాళుకు జాలి కలగాలి. మనలో చాలామందికి ఈపాటికి కలిగే ఉంటుంది. ఆమెకూ కలిగింది, ఒక క్షణం. ఆ వెనకనే ఇంకొకటి వచ్చి జాలిని పక్కకు నెట్టింది. ఇంతవరకు భర్త కోసం పడిన అసూయ ఎంత తేలికైనదో ఆమెకు ఇప్పుడు తెలిసింది. మొగుడైతే కొట్లాడి తెచ్చుకోవచ్చు. ఈమె చేతి ముద్దకు పర్వతాలు నోరు తెరిచాడంటే అందులో తప్పు వాడిది కాదు, ఈమెదీ కాదు. ఆ నవ్వు ఈమెది. ఆ నాలుక ఈమెది. తొమ్మిదేళ్లు తాను తలంటి, జ్వరాలకు మేలుకుని, బడిలో వేసి, ఎవరన్నా ఒక మాటంటే కొట్లాడి పెంచింది ఈమె బిడ్డను. చచ్చిపోయిన మనిషి మీద ఎన్నడూ అసూయ పడలేదు ఆండాళు. ఆమెకని ఏటేటా, పోయిన పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు, బియ్యం కూడా ఇచ్చింది. ఆ మనిషి గాజుల చేతులతో ఎదురుగా కూర్చుని ఉంటే ఏం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"ఇడిసిపెట్టి పోయినదానివి పోయినట్టే ఉండాలె," అన్నది. "ఇప్పుడెందుకు పిలిచినవ్? బిడ్డ పెద్దగయిండు, చెయ్యందుకొచ్చిండు, గుంజుకుందామనా?"

"నేను పిలువలే."

"టిక్కెట్లు ఊరికెనే వచ్చినయా?"

"పోయినేడు ఈయన సరుకుకు చీరాల దాకా పోయి, ఆడికెల్లి చిట్యాలకొచ్చిండు గద. అప్పుడు మాట్లాడుకున్నరు ఇద్దరు. నన్నడిగితే వద్దన్న. సూస్తే ఓర్వలేనన్న. వినలే." లీలమ్మ ఆండాళు చేయి పట్టుకుంది. "చెల్లె, నీ మనసుల ఏమున్నదో నాకు తెల్వదా? నాకు నీ బిడ్డ వద్దు. నేను వానికి చెప్ప. ఎల్లుండి మంచిగ ఓడెక్కి తీస్కపో. వీడు నీ బిడ్డనే. నేను కనంగనే నా బిడ్డయితడా? కండ్లార సూసిన, సాలు నాకు."

ఆమె కళ్లనుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. తుడుచుకోలేదు. ఆండాళు చాలాసేపు చేయి విడిపించుకోకుండా కూర్చుంది. ఆమె కోపం పూర్తిగా పోలేదు, కాని పట్టుకుని నిలబడటానికి దానికి చోటు లేకుండా పోయింది. బిడ్డను అడగనిదాని మీద ఎంతసేపని అరుస్తుంది?

"ఊకో అక్కా," అన్నది చివరికి. ఇన్నాళ్లూ స్నేహితుడి భార్యకు మర్యాదకని అన్న మాట అది. ఇప్పుడు వరస కలిసింది. తోటికోడలే మరి. రుమాలును తన చేతులతోనే మడిచి పెట్టెలో పెట్టి, మూత వేసింది. పర్వతాలు చొక్కాను మాత్రం తీసుకుని సంకలో పెట్టుకుంది. అంతలోనే అంత మంచితనం ఎవరికీ రాదు.

కింద బండి ఆగిన చప్పుడయింది. ఈదమ్మ గొంతు, ధర్మయ్య నవ్వు వినిపించాయి. ఆ వెంటనే మెట్ల మీద టకటకమని బూట్ల చప్పుడు. తమ పిల్లలకు బూట్లు లేవే అనుకుంటూ ఆండాళు ముందు గదిలోకి వచ్చింది.

వచ్చింది పర్వతాలే. తెల్ల చొక్కా, నీలం నిక్కరు, నల్ల బూట్లు. జేబు మీద ఎర్రదారంతో ఏదో గుర్తు కుట్టి ఉంది. ముఖం వెలిగిపోతోంది. వాడు పరుగెత్తుకుంటూ తన దగ్గరికే వచ్చాడు, లీలమ్మ దగ్గరికి కాదు. ఆ సంగతి గమనించి ఆండాళు లోలోపల పొంగిపోయింది కూడా.

"అమ్మా, సూడే! బడి బట్టలు! ఎంత పెద్ద బడనుకున్నవ్! ఆడికెల్లి సముద్రం కనబడతది. మంచిగ బెంచీలున్నయ్. అయ్యగారు నన్ను లెక్క అడిగితే చెప్పిన. శబాష్ అన్నడు."

"ఓడలు సూడలేదా బిడ్డా?"

"ఓడల కాడికి పోనేలే. బడి కాడికే పోయినం. బాపు చేర్పిచ్చిండు నన్ను."

ధర్మయ్య ఈదమ్మను దించి, ఏదో పని గుర్తుకొచ్చినట్టు పంకా మీట దగ్గర నిలబడ్డాడు. సీతారాములు మెట్ల పైమెట్టు మీదనే ఆగిపోయాడు.

"చేర్పిచ్చిండా? యాడ చేర్పిచ్చిండు?"

"గిక్కడనే. మీరు పోయినంక నేను పెద్దమ్మోళ్లింట్ల ఉండి చదువుకోవాల్నంట. ఎండకాలం సెలవులకు ఓడెక్కి ఊరికి రావాల్నంట. బాపు అడిగిండు, ఉంటవారా అని."

"నువ్వేమన్నవ్?"

"సరే అన్న," అన్నాడు పర్వతాలు. బూటు ముందుకు చాపి దాని మెరుపు చూసుకుంటున్నాడు.

ఆండాళు వాణ్ణి కొట్టలేదు, కావలించుకోలేదు. సంకలోని పాత చొక్కాను ఇంకాస్త గట్టిగా అదుముకుని భర్త వైపు తిరిగింది.

"ఏమయ్యా. గిందుకేనా సముద్రం చూపిస్తనని తోలుకొచ్చినవ్?"

"వాని బతుకు కోసమే," అన్నాడు సీతారాములు నేలచూపులు చూస్తూ. "ఆడ ఏమున్నది వానికి? నా లెక్క గుంట మగ్గంల కాళ్లు పెట్టి కూసుంటడా? అన్న ఉంటే ఏం చేసేటోడో గదే చేస్తున్న. నీకు ముందుగాల చెప్తే ఇల్లు కదలవని చెప్పలే."

"చెల్లె, ఫికర్ చెయ్యకు. నేను మంచిగ చూసుకుంట," అన్నాడు ధర్మయ్య.

"నువ్వాగు అన్నా. నేను నా మొగనితోటి మాట్లాడుతున్న." ఆండాళు భర్త వైపే చూస్తోంది. "సరే అయ్యా. వాడు చదువుకోవాలె. నేను కాదంటనా? చదువనీ. వాడు ఏడుంటే నేనాడుంట. ఎల్లుండి నువ్వు, ఈదమ్మ ఓడెక్కి పోరి. నేను పోతలేను."

"పిచ్చి లేసిందా నీకు? పర్మిటెవడిస్తడు?"

"నీ దోస్తున్నడు గద, టిక్కెట్లిచ్చినోడు పర్మిటు సుత ఇప్పిస్తడు. నువ్వు పోయి మగ్గం నడుపు. ఆసు ఎవలు పోస్తరో, ముడులు ఎవలు కడతరో నేను సుత చూస్త."

తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో మగ్గం మీదికి వచ్చిన ప్రతి పోగూ ఆమె చేతిమీదుగా వచ్చిందే. ఆమె లేకపోతే మగ్గం గుంటలో తాను కూర్చుని చేసేదేమీ లేదని సీతారాములుకు బాగా తెలుసు. ఆండాళుకు కొలంబో వచ్చాక మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది. గెలిచాననుకుంది.

"ఏం బిడ్డా? నేను సుత ఈడనే ఉంట, నీ తోని. సంబరమేనా?" అని అడిగింది.

పర్వతాలు ముఖం చిన్నబోయింది.

"మరి నా గదో?" అన్నాడు.

"ఏ గది?"

"మేడమీది గది. నాకొక్కనికే అన్నది పెద్దమ్మ. మంచం సుత కొన్నది, బల్ల కొన్నది. మనం ఊర్లకెల్లి రాకముందుకే కొనిపెట్టిందంట. మీరు ఓడెక్కినంక తాళం తీసి చూపిస్తనన్నది." వాడు కాస్త తటపటాయించి, గొంతు తగ్గించాడు. "అమ్మకు చెప్పొద్దన్నది."

ఆండాళు మెల్లగా వెనక్కి తిరిగింది. వెనుక గది గుమ్మంలో లీలమ్మ నిలబడి ఉంది. చెంపల మీద కన్నీళ్లు ఇంకా ఆరలేదు.

ఈసారి దొరికిపోయింది ఆమె. తల మాత్రం దించుకోలేదు.